కుందేలు చేపల పెంపకం

కుందేలు చేపలు సైగానిడే కుటుంబానికి చెందిన సముద్రపు చేపలు. ఈ కుటుంబంలో సైగానస్ అనే ఒకే ప్రజాతి, అందులో సుమారు 29 జాతులు ఉన్నాయి. హిందూ మహాసముద్రం, పశ్చిమ పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని తీర జలాలలో నాచును మేస్తూ ఇవి జీవిస్తాయి. వీటిలో అందమైన రంగులు గల కొన్ని జాతులను ఇండ్లలోని పగడపు అక్వేరియంలలో పెంచుతారు. రాళ్ళపై పెరిగే నాచును తినివేస్తాయని వీటిని కొనేవారే ఎక్కువ. అయితే తొట్టిలోని నాచు కొద్ది వారాలలో అయిపోతుంది. ఆ తరువాత ప్రతిదినం ఆకు మేత అందించకపోతే చేప చిక్కిపోతుంది, లేదా పగడాలను కొరకడం మొదలుపెడుతుంది. సముద్రానికి దూరంగా, ఎండలు మెండుగా ఉండే కర్నూలు, కడప వంటి పట్టణాలలో వీటిని పెంచేవారికి మేతతో పాటు నీరు, వేడి కూడా ప్రధాన సమస్యలే.

పేరు

మూతి గుండ్రంగా, చిన్నదిగా ఉండి, మేసేటప్పుడు పెదవులు కుందేలు వలె కదులుతాయి గనుక వీటికి ఈ పేరు వచ్చింది. తమిళ తీరంలో జాలరులు వీటిని 'ఓరా' అని పిలుస్తారు. ఫిలిప్పీన్స్ దేశంలోని సెబు ప్రాంతంలో వీటిని చీల్చి ఉప్పులో ఎండబెట్టి 'దంగిత్' అనే పేరుతో అమ్ముతారు. సైగానస్ అనే శాస్త్రీయ నామానికి ఈ చేపల అరబ్బీ పేరు ఆధారం. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ ఫోర్స్కాల్ ఎర్ర సముద్ర తీరంలో సేకరించిన వివరాలతో ఈ పేరు 1775లో అచ్చయింది. భారత తీరంలో కూడా దొరికే సైగానస్ కెనాలిక్యులేటస్ అనే జాతిని 1797లో సుమత్రా చేపల నుండి వర్ణించినవాడు ముంగో పార్క్. తరువాతి కాలంలో ఆఫ్రికాలోని నైజర్ నదీ యాత్రల వలన ప్రసిద్ధుడైనది ఇతడే.

శరీర లక్షణాలు

శరీరం పక్కల నుండి నొక్కినట్లు పలుచగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పొలుసులు చాలా చిన్నవి కావడం వలన చర్మం నునుపుగా కనిపిస్తుంది. పృష్ఠ వాజంలో 13 ముళ్ళు, పాయు వాజంలో 7 ముళ్ళు ఉంటాయి. ఒక్కొక్క శ్రోణి వాజానికి రెండు చివరలా రెండు ముళ్ళు, వాటి నడుమ మూడు మెత్తని కిరణాలు ఉండడం ఈ కుటుంబానికి మాత్రమే ప్రత్యేకమైన లక్షణం. పృష్ఠ వాజానికి ముందు, తల వైపు తిరిగిన మరొక చిన్న ముల్లు చర్మంలో దాగి ఉంటుంది. ముళ్ళలోని గాళ్ళ వెంబడి విష గ్రంథులు ఉంటాయి. ఈ విషం ఆత్మరక్షణకే గాని వేటకు ఉపయోగపడదు.

భయపడినప్పుడు, రాత్రి నిద్రించేటప్పుడు ఈ చేప పసుపు రంగును కోల్పోయి నిమిషాలలో గోధుమ, బూడిద రంగు మచ్చలతో నిండిపోతుంది. కొత్తగా పెంచేవారు ఉదయం దీపం వేయగానే దీనిని చూసి జబ్బు అని భ్రమపడి మందులు వేయడం కద్దు. వెలుతురు వచ్చిన కొద్దిసేపటికి చేప తిరిగి పూర్వపు రంగుకు వస్తే దానికి ఏ జబ్బూ లేనట్లే.

సముద్రంలో జీవనం

కుందేలు చేపలను స్థూలంగా రెండు రకాలుగా చెప్పవచ్చు. మొదటి రకం సముద్రపు గడ్డి మైదానాలలో, నదీ ముఖాలలో గుంపులుగా తిరుగుతాయి. రెండవ రకం పగడపు దిబ్బలలో జంటలుగా నివసిస్తాయి. అక్వేరియంలలో కనిపించేవి ఎక్కువగా రెండవ రకానివే. జంటలోని ఒక చేప పగుళ్ళలో తల దూర్చి మేస్తుండగా రెండవది తల పైకెత్తి కాపలా కాస్తుంది, తరువాత వంతు మారుతుంది. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ద్వీపం వద్ద జరిపిన పరిశీలనలలో ఈ సంగతి వెల్లడై 2015లో ప్రచురితమైంది.

వీటి మేత ఎంతటిదో మధ్యధరా సముద్రంలో తెలియవచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచిన తరువాత ఎర్ర సముద్రం నుండి సైగానస్ రివులేటస్, సైగానస్ లూరిడస్ అనే రెండు జాతులు ఆ కాలువ గుండా అటు చేరాయి. అవి బాగా వృద్ధి చెందిన టర్కీ దక్షిణ తీరంలో రాతి అడుగున ఉండే నాచు అడవులు చాలా చోట్ల దాదాపు నున్నగా మారిపోయాయి. తెల్లవారినది మొదలు చీకటి పడే వరకు కొరుకుతూ ఉండడమే ఈ చేప స్వభావం. దీని పేగు పొడవైనది, ఒక్కసారిగా కడుపు నిండా తిని ఊరుకునే నిర్మాణం కాదు. అక్వేరియంలో మేత పద్ధతి అంతా ఈ ఒక్క విషయంపై ఆధారపడి ఉంటుంది.

అక్వేరియంలో పెంచే జాతులు

అన్నిటికంటె ఎక్కువగా పెంచేది సైగానస్ వల్పినస్. నలుపు తెలుపు చారల ముఖం, నిమ్మపండు రంగు శరీరం గల దీనిని వర్తకులు 'ఫాక్స్‌ఫేస్' అంటారు. ఇది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మొదలుకొని ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వరకు గల పశ్చిమ పసిఫిక్ చేప, భారత తీరాలలో సహజంగా లేదు. సుమారు 25 సెం.మీ. వరకు పెరుగుతుంది. పక్కన ఒక నల్లని మచ్చ ఉన్న దానిని సైగానస్ యూనిమాక్యులేటస్ అంటారు. ఇది వేరే జాతి కాదని, వల్పినస్‌లోనే ఒక రంగు భేదమని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. అండమాన్ సముద్రంలో దొరికే సైగానస్ మాగ్నిఫికస్ అందంలో వీటికి తీసిపోదు.

బంగాళాఖాతంలో దొరికే సైగానస్ జావస్, సైగానస్ కెనాలిక్యులేటస్‌లు ఇండ్లలోని తొట్లకు అంతగా తగినవి కావు. జావస్ 50 సెం.మీ. దాటి పెరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు చవకగా దొరికినా, రెండు మూడేళ్ళలో దానికి చోటు చాలదు.

ఒక తొట్టిలో ఒకే కుందేలు చేపను ఉంచడం మేలు. పిల్ల చేపలు కలిసిమెలిసి తిరిగినా, పెద్దవై జంట కుదరని పక్షంలో ఒకదానినొకటి తరుముకుంటాయి. ఇతర జాతుల చేపలతో సాధారణంగా తగవు పెట్టుకోవు. ముళ్ళు ఉన్నందున వీటి జోలికి వచ్చేవి కూడా తక్కువే.

తొట్టి

పెరిగిన ఫాక్స్‌ఫేస్‌కు కనీసం 400 లీటర్ల నీరు, నాలుగు అడుగులకు తగ్గని పొడవు అవసరం. నీరు, రాళ్ళు, అద్దం కలిసి అటువంటి తొట్టి అర టన్ను దాటుతుంది. పాత మిద్దె ఇండ్లలో దానిని పై అంతస్తులో పెట్టే ముందు తగిన సలహా తీసుకోవాలి. రాళ్ళ నడుమ చేప పూర్తిగా దాగగలిగే రెండు మూడు సందులు ఉండాలి. దాగే చోటు లేని చేప మేత ముట్టదు. తొట్టి నుండి పైకి దూకే అలవాటు కూడా ఉన్నందున పైన వల మూత అవసరం.

కడప ప్రాంతంలో సులువుగా దొరికే నల్లని కడప బండను తొట్టి కింద పీటగా వాడడం మంచిదే. తొట్టి లోపల మాత్రం దాని వలన పెద్దగా ప్రయోజనం లేదు. సున్నపు రాయి కావడం చేత అది సముద్రపు నీటికి హాని చేయదు గాని, మురికిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు నిలవడానికి కావలసిన సన్నని రంధ్రాలు అందులో లేవు. నాచుకు, సున్నపు రాతికి ఉన్న సంబంధం ఈ సీమకు కొత్తది కాదు. కడప జిల్లా వేంపల్లె పరిసరాలలోని డోలమైటు రాళ్ళలో కనిపించే స్ట్రొమాటొలైట్లు నూరు కోట్ల సంవత్సరాలకు చాలా పూర్వమే ఇక్కడ ఉన్న లోతులేని సముద్రంలో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల పొరలు కట్టినవే. తొట్టిలో వాడటానికి కృత్రిమంగా తయారు చేసిన రంధ్రాల రాళ్ళు శ్రేష్ఠం.

నీరు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో సోడియం, క్లోరైడ్‌లే కాక లీటరుకు సుమారు 1,290 మి.గ్రా. మెగ్నీషియం, 410 మి.గ్రా. కాల్షియం, 400 మి.గ్రా. పొటాషియం కూడా ఉంటాయి. వంట ఉప్పుతో గాని, కళ్ళుప్పుతో గాని ఈ కూర్పు రాదు. అందుకై తయారు చేసి అమ్మే అక్వేరియం ఉప్పును వాడవలసిందే. 100 లీటర్లకు సుమారు మూడున్నర నుండి నాలుగు కిలోల ఉప్పు పడుతుంది. నీటి సాంద్రత 1.025 దగ్గర, పి.హెచ్. 8.1 నుండి 8.4 మధ్య ఉండేలా చూడాలి.

ఉప్పు కలపడానికి వాడే నీరే అసలు చిక్కు. కర్నూలు, కడప ప్రాంతాలలో బోరు నీరు చాలా చోట్ల కఠిన జలం, కొన్ని చోట్ల ఫ్లోరైడు కూడా ఎక్కువ. ఫ్లోరైడు మనుషులకు హానికరమే గాని, సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మి.గ్రా. ఫ్లోరైడు సహజంగా ఉంటుంది కనుక పగడపు తొట్టి విషయంలో అది అంత పెద్ద అడ్డంకి కాదు. బోరు నీటిలోని నైట్రేట్లు, సిలికా ఎక్కువ ఇబ్బంది కలిగిస్తాయి. వీటి వలన రాళ్ళపై గోధుమ రంగు పొర, జిగురు నాచు పెరుగుతాయి. కుందేలు చేప ఆ రెండింటినీ అంతగా తినదు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కాబట్టి ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేసి, ఆపై అయాన్లను తొలగించే రెసిన్ గుండా పంపిన నీటిని వాడాలి. ఇంట్లో తాగడానికి పెట్టుకొనే ఆర్.ఓ. యంత్రాలు చాలా వాటిలో రుచి కోసం కొంత ఖనిజ లవణాన్ని నీటిలో ఉండనిస్తారు. దుకాణాలలో అమ్మే క్యాను నీళ్ళు కూడా అటువంటివే. టి.డి.ఎస్. మీటరుతో కొలిచినప్పుడు సున్నాకు దగ్గరగా ఉన్న నీరు మాత్రమే తగినది.

ఈ పద్ధతిలో ఒక లీటరు శుద్ధ జలానికి రెండు మూడు లీటర్ల నీరు పక్కకు పోతుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం వేచి ఉండే వీధులలో ఇది చిన్న విషయం కాదు. పక్కకు పోయే నీటిని పట్టి గచ్చు కడగడానికి, బట్టలు ఉతకడానికి వాడుకోవచ్చు. తొట్టి నుండి మార్చిన ఉప్పు నీటిని మాత్రం మొక్కలకు, పొలాలకు, బావులకు, కాలువలకు చేరనీయకూడదు. ఉప్పు నేలలో నిలిచిపోతుంది. పైగా సముద్రపు నాచు ముక్కలు, రోగకారక జీవులు ఆ నీటితో పాటు బయటికి పోతాయి.

వేడి, ఆవిరి, విద్యుత్తు

కుందేలు చేపకు 24 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు నీరు అనుకూలం. పగడాలు కూడా ఆ హద్దులోనే బాగుంటాయి. కర్నూలు, కడపలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మి.గ్రా. ప్రాణవాయువును పట్టి ఉంచగలదు, 32 డిగ్రీల వద్ద సుమారు 6 మి.గ్రా. మాత్రమే. అదే సమయంలో చేప శరీరానికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. పగడాలు 30 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు ఉంటే తమలోని శైవలాలను విడిచి తెల్లబడతాయి.

రాయలసీమ వాతావరణం ఇక్కడ ఒక మేలు కూడా చేస్తుంది. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలిని ప్రసరింపజేస్తే నీరు ఆవిరై తొట్టి చల్లబడుతుంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. విశాఖపట్నం వంటి తేమ గల తీర పట్టణంలో ఇది సరిగా పనిచేయదు, కర్నూలు ఎండలో గాలి పొడిగా ఉన్నందున రెండు నుండి నాలుగు డిగ్రీల వరకు తగ్గుతుంది. అంతకు మించి తగ్గించాలంటే చిల్లరు యంత్రమో, గదికి ఏసీయో అవసరం. తొట్టిని పడమటి గోడకు, డాబా కప్పుకు దగ్గరగా కాక, ఇంటిలో అన్నిటికంటె చల్లని గదిలో పెట్టడం మొదట చేయవలసిన పని. నీటిలో మంచుగడ్డలు వేయడం వలన ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది, ఇది వేడి కంటె ప్రమాదకరం.

ఫ్యానుతో చల్లబడిన తొట్టి రోజుకు ఐదారు లీటర్లు కోల్పోవచ్చు. నీరు పోతుంది గాని ఉప్పు పోదు. 400 లీటర్లలో 40 లీటర్లు ఆవిరైతే లవణీయత 35 నుండి దాదాపు 39కి చేరుతుంది. కాబట్టి లోటును ప్రతిదినం ఉప్పు లేని శుద్ధ జలంతోనే పూరించాలి. లోటుకు ఉప్పు నీరు పోయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. చేప నీరసంగా ఉన్నదని, పగడాలు ముడుచుకున్నాయని ఆందోళన చెంది మేత మార్చేవారు ముందుగా లవణీయతను కొలిచి చూడడం అవసరం.

విద్యుత్ కోత సమయంలో మొదట కాపాడవలసినది నీటి కదలిక. ఇంటి ఇన్వర్టరుకు నీటి పంపును, ఆపై ఫ్యానును కలపాలి. దీపాలు కొన్ని గంటలు లేకపోయినా నష్టం లేదు. చిల్లరును సాధారణ ఇన్వర్టరు మోయలేదు. ఇన్వర్టరు లేనివారు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవాలి.

ఆహారం

కుందేలు చేపలు ప్రధానంగా శాకాహారులు. తొట్టిలో రాళ్ళపై పెరిగే వెంట్రుకల నాచును, ఇతర చేపలు ముట్టని వెలోనియా అనే బుడగల నాచును సైతం ఇవి తింటాయి. ఈ గుణమే వీటికి పేరు తెచ్చింది. కాని ఏ చేప ఏ నాచును తింటుందో ముందుగా చెప్పడం కష్టం. నాచు తినడానికని తెచ్చిన చేప గుళికలకు అలవాటుపడి రాళ్ళ వైపు చూడకపోవడం కూడా ఉన్నది. నాచు పెరగడానికి కారణమైన నైట్రేటు, ఫాస్ఫేటులను తగ్గించకుండా కేవలం చేపను తెచ్చి వేయడం సమస్యకు పరిష్కారం కాదు. తిన్న నాచు మలంగా మారి తిరిగి ఆ నీటిలోనే కలుస్తుంది.

ప్రతిదినం ఇచ్చే మేతలో ముఖ్యమైనది ఎండు సముద్రపు నాచు. జపాను వంటలలో వాడే 'నోరి' రేకులు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరుల నుండి తెప్పించుకోవచ్చు. నూనె, ఉప్పు, మసాలా కలపనివి మాత్రమే తీసుకోవాలి. చిరుతిండిగా అమ్మే వేయించిన రేకులు పనికిరావు. అరచేతి వెడల్పు ముక్కను అద్దానికి అంటుకొనే క్లిప్పుకు తగిలించి ఉదయం వేలాడదీస్తే చేప రోజంతా వచ్చి కొరుకుతూ ఉంటుంది. 12-15 సెం.మీ. చేపకు రోజుకు పావు రేకుతో మొదలుపెట్టి, పొట్ట తీరును బట్టి పెంచాలి. సాయంత్రానికి మిగిలిన ముక్కను తీసివేయాలి. కొత్తగా వచ్చిన చేప క్లిప్పును చూసి బెదిరితే, రేకును చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టి అడుగున పెట్టడం మంచి ఉపాయం. అది సహజమైన మేత వలె కనిపిస్తుంది.

నోరి దొరకని రోజులలో ఇంటి కూరగాయలు కొంత వరకు ఉపయోగపడతాయి. ఆకుకూరలపై మరిగే నీరు పోసి ఒక నిమిషం ఉంచి చల్లార్చితే నార మెత్తబడి చేపకు కొరకడానికి అనువుగా ఉంటుంది. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ గనుక దానినే రోజూ వేయకూడదు. లెట్యూస్ ఆకులు, పొట్టు తీసిన పచ్చి బఠాణీ, పలుచగా కోసిన బీరకాయ, దోసకాయ ముక్కలు వేయవచ్చు. మందులు చల్లిన కూరలను బాగా కడగడం తప్పనిసరి. చేపకు మోతాదు చిన్నదైనా విషమే. నేల మీది ఆకులలో సముద్రపు నాచులో ఉండే అయోడిన్ వంటి పోషకాలు తక్కువ, కాబట్టి ఇవి అనుబంధ ఆహారమే గాని ప్రధానాహారం కావు.

స్పైరులినా పొడి ఇప్పుడు మందుల దుకాణాలలో కూడా దొరుకుతున్నది. దానితో ఇంట్లోనే ముద్ద మేత చేసుకోవచ్చు. ఒక గ్లాసు నీటిలో సుమారు 4 గ్రాముల చైనా గడ్డి పొడిని మరిగించి దించాలి. గోరువెచ్చగా అయి గడ్డకట్టక ముందే నలిపిన నోరి, స్పైరులినా పొడి, మెత్తగా రుబ్బిన బఠాణీ కలిపి పళ్ళెంలో పోయాలి. గట్టిపడిన తరువాత చిన్న ముక్కలుగా కోసి ఫ్రీజరులో దాచుకోవచ్చు. విటమిన్ సి వేడికి నశించిపోతుంది కనుక దానిని చివరలోనే కలపాలి. చైనా గడ్డి కూడా సముద్రపు ఎర్ర నాచు నుండి తీసేదే.

మాంసాహారం కొద్దిగా సరిపోతుంది. ఇతర చేపలకు వేసే రొయ్య పిల్లల వంటి మేతను ఇవి కూడా ఆశగా తింటాయి, అంత మాత్రాన అవి వాటికి సరిపడినట్లు కాదు. శాకాహారపు పేగు గల చేపకు మాంసపు మేత ఎక్కువైతే కొవ్వు పడుతుంది. ఇతర సముద్రపు చేపలలో చాలా వాటికి అత్యవసరమైన కొన్ని నూనె ఆమ్లాలు ఆహారం నుండే రావాలి. సైగానస్ కెనాలిక్యులేటస్ మాత్రం మొక్కలలోని సాధారణ నూనె ఆమ్లాల నుండి డి.హెచ్.ఏ. వంటి వాటిని తానే తయారు చేసుకోగలదు. అందుకు కారణమైన ఒక ఎంజైమును సకశేరుక జంతువులలో మొదటిసారి గుర్తించినది ఈ చేపలోనే, ఆ పరిశోధన 2010లో ప్రచురితమైంది. అందువలన ఆకు మేత ఈ చేపకు పేద భోజనం కాదు.

గుడి కోనేటి చేపలకు వేసినట్లు బొరుగులు, అన్నం, రొట్టె ముక్కలు వేయడం తగదు. అవి నీటిని పాడుచేస్తాయి.

చాలినంత మేత అందుతున్నదా లేదా అన్నది చేపను ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది. తల వెనుక వీపు కత్తి అంచులా పలుచబడితే, పొట్ట లోనికి పీక్కుపోతే మేత చాలడం లేదన్నమాట. మేత ఒకే రకమైనప్పుడు తలపైన, పక్క గీత వెంబడి చర్మం గుంటలు పడడం మరొక సూచన. సంక్రాంతికో, పెండ్లికో వారం రోజులు ఊరికి వెళ్ళేవారు గుళికలు వేసే స్వయంచాలక యంత్రాన్ని పెట్టి వెళతారు. ఇతర చేపలకు అది చాలుతుంది గాని కుందేలు చేపకు చాలదు. పొరుగింటివారికి రోజుకొక నోరి ముక్క చొప్పున విడివిడి పొట్లాలు కట్టి ఇవ్వడం మేలు. మొత్తం డబ్బా ఇచ్చి వెళ్ళరాదు. ప్రేమతో ఎక్కువ వేసిన మేత వలన పోయిన చేపలు తక్కువేమీ కాదు.

పగడాలతో సహవాసం

కుందేలు చేపను పగడాలతో పెంచవచ్చా అన్న ప్రశ్నకు సాధారణంగా పెంచవచ్చనే సమాధానం. కాని దీనికి హామీ లేదు. కండ గల పెద్ద పాలిప్‌ల పగడాలను, జోయాంథిడ్‌లను కొన్ని చేపలు కొరుకుతాయి. ఈ అలవాటు చాలా వరకు ఆకలి వలన వచ్చేదే. మేత పెంచిన తరువాత కూడా కొరకడం మానకపోతే చేపను వేరే తొట్టికి మార్చక తప్పదు. అంత పెద్ద తొట్టి మరొకటి లేనివారు కొనే ముందే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

భారతదేశంలో పగడాల విషయం చట్టంతో ముడిపడి ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైపు పగడం, సముద్రపు విసనకర్రలు 2001లో చేరాయి. సముద్రం నుండి వీటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఎండిన పగడపు ముక్కకు కూడా ఇది వర్తిస్తుంది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన తరువాత, అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ అనుబంధాలలోని విదేశీ జీవులను ఉంచుకొనేవారు వాటిని నమోదు చేయించవలసి ఉన్నది. రాతి పగడాలన్నీ ఆ అనుబంధాలలో ఉన్నాయి. కుందేలు చేపలు రక్షిత జాబితాలో లేవు. అందుచేత చట్టానికి లోబడి ఇంట్లో తొట్టి పెట్టేవారు జాబితాలో లేని మెత్తని పగడాలతో, కృత్రిమ రాళ్ళతో సరిపెట్టుకోవడం ఉత్తమం. దిబ్బల నుండి పగులగొట్టి తెచ్చిన రాయిని 'లైవ్ రాక్' అనే పేరుతో ఎవరైనా అమ్మజూపితే తీసుకోరాదు.

కొనుగోలు, రవాణా

అక్వేరియంలకు వచ్చే కుందేలు చేపలు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాలలో కొందరు సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పడతారు. అటువంటి చేప దుకాణంలో చురుకుగానే కనిపించి, కొన్ని వారాలలో కారణం తెలియకుండా చనిపోవచ్చు. డబ్బు చెల్లించే ముందు చేప నోరి గాని, గుళికలు గాని తినడం కళ్ళారా చూడాలి. పొట్ట పీక్కుపోయిన చేప చవకగా వచ్చినా తీసుకోకూడదు.

చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల వర్తకానికి పేరు పొందినది. కడప చెన్నై-ముంబయి రైలు మార్గంలో ఉన్నందున అక్కడి నుండి ఒక రాత్రి ప్రయాణంలో చేపను తేవచ్చు. కర్నూలు వారికి హైదరాబాదు దగ్గర. వేసవిలో పగటి ప్రయాణం పనికిరాదు. ముళ్ళు సంచిని చీల్చగలవు కనుక రెండు మూడు పొరల సంచులు, పైన థర్మోకోల్ పెట్టె అవసరం. చాలా గంటలు మూసి ఉన్న సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది, కాని బొగ్గుపులుసు వాయువు వలన నీరు ఆమ్లగుణం పొంది దాని విషప్రభావం తక్కువగా ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి అమ్మోనియా విషంగా మారుతుంది. అందుచేత సంచిని మూసి ఉంచి ఉష్ణోగ్రత సమానం కానిచ్చి, విప్పిన తరువాత ఆలస్యం చేయకుండా చేపను మార్చాలి. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.

కొత్త చేపను కనీసం నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వలన వచ్చే తెల్ల మచ్చల జబ్బు వీటికి సాధారణం. రాగి మందులు ఆ వేరే తొట్టిలోనే వాడదగినవి. పగడాల తొట్టిలో వేస్తే పగడాలు, రొయ్యలు, నత్తలు చనిపోతాయి.

ముల్లు గుచ్చుకున్నప్పుడు

ఈ చేప తనంతట మనిషిపై దాడి చేయదు. తొట్టి శుభ్రం చేసేటప్పుడు, వలతో పట్టేటప్పుడు చేయి తగిలి గాయమవుతుంది. ముళ్ళు వలలో చిక్కుకుంటాయి గనుక చేపను వలకు బదులు ప్లాస్టిక్ డబ్బాలోకి తరిమి పట్టడం మంచిది. రాత్రి వేళ చేప రాళ్ళ సందులో కదలకుండా ఉంటుంది, అప్పుడు చీకటిలో చేయి పెట్టరాదు. విషం ఆరోగ్యవంతులకు ప్రాణాంతకం కాదు గాని నొప్పి తీవ్రంగా ఉంటుంది, వాపు వస్తుంది. గాయమైన భాగాన్ని 45 డిగ్రీలకు మించని వేడి నీటిలో అర గంట నుండి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. నొప్పిలో ఉన్నవారికి వేడి తెలియదు కాబట్టి నీటి వేడిని వేరొకరు చేయి పెట్టి చూడాలి. విరిగిన ముల్లు ముక్క లోపల ఉండిపోయినా, ఊపిరి అందకపోయినా, వాపు పెరుగుతూ ఉన్నా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ధనుర్వాతపు టీకా వేయించుకొని చాలాకాలమైన వారు ఆ విషయం వైద్యునికి చెప్పాలి. చిన్నపిల్లలు ఉన్న ఇంటిలో తొట్టి మూతకు గొళ్ళెం ఉండడం అవసరం.